వాణిజ్య ఒప్పందాలు, చట్టాలు, నియామకాలపై చట్టసభల కమిటీల పరిశీలన: ఉత్తర తెలంగాణ రైతు సంఘాలకు, వ్యాపారులకు సమగ్ర మార్గదర్శి

ముడి పత్తి దిగుమతిపై ఉన్న 11 శాతం సుంకాన్ని కేంద్ర ప్రభుత్వం 2025 ఆగస్టు 19 నుంచి ఎత్తివేసింది. మొదట సెప్టెంబరు 30 వరకే అని ప్రకటించిన ఆ మినహాయింపును తరువాత డిసెంబరు 31 వరకు పొడిగించింది. మన వైపు పత్తి తీతలు ఊపందుకుని, వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ యార్డుకు, జిన్నింగ్ మిల్లులకు బండ్లు వరుస కట్టే నెలలు సరిగ్గా అవే. ఇంత బరువైన నిర్ణయాన్ని పార్లమెంటు ఎక్కడైనా పరిశీలిస్తుందా, పరిశీలిస్తే ఆ చోటికి వరంగల్ రైతు మాట చేరే దారి ఏది అన్న ప్రశ్న రైతు సంఘాలలో తరచుగా వినబడుతోంది. దారి ఉంది. అయితే అది ఒక్కటే దారి కాదు. నిర్ణయం ఏ రూపంలో వచ్చిందో దాన్ని బట్టి వెళ్లవలసిన కమిటీ, రాయవలసిన పత్రం, అందవలసిన గడువు అన్నీ మారిపోతాయి. వినతిపత్రాలు ఫలితం లేకుండా పోవడానికి ప్రధాన కారణం వాటిలో బలం లేకపోవడం కాదని, అవి సంబంధం లేని చోటికి, సమయం మించిన తరువాత చేరడమేనని నేను బలంగా నమ్ముతాను.

మొదటి మెట్టు: నిర్ణయం ఏ రూపంలో వచ్చిందో తేల్చుకోవాలి

విదేశాలతో ఒప్పందాలు కుదుర్చుకోవడం, వాటిని అమలు చేయడం రాజ్యాంగం ఏడో షెడ్యూలు కేంద్ర జాబితాలోని 14వ అంశం. విదేశీ వ్యాపారం 41వ అంశం, కస్టమ్స్ సుంకాలు 83వ అంశం. ఈ మూడింటిలో శాసనసభకు అధికారం లేదు. వ్యవసాయం రాష్ట్ర జాబితాలో ఉన్నప్పటికీ, అంతర్జాతీయ ఒప్పందాన్ని అమలు చేయడానికి అవసరమైతే ఏ అంశంపైనైనా చట్టం చేసే అధికారాన్ని 253వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. కాబట్టి వాణిజ్య ఒప్పందం విషయంలో హైదరాబాదులో ఎమ్మెల్యేకు ఇచ్చే వినతిపత్రం రాజకీయంగా ఉపయోగపడవచ్చు గాని, పరిశీలనాధికారం ఉన్న కమిటీ మాత్రం ఢిల్లీలోనే ఉంటుంది.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. అమెరికాలో అధ్యక్షుడు చేసుకున్న సంధి అమలులోకి రావాలంటే సెనేట్‌లో హాజరైన సభ్యులలో మూడింట రెండు వంతుల మంది ఆమోదించాలి. అంతకు ముందు అక్కడి విదేశీ సంబంధాల కమిటీ దాన్ని విచారించి సభకు నివేదిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాతి వెర్సాయ్ సంధిని సెనేట్ 1919లోనూ, 1920లోనూ తిరస్కరించింది. బ్రిటన్‌లో 2010 నాటి చట్టం ప్రకారం ఒప్పందాన్ని ధ్రువీకరించే ముందు, సభలు సమావేశమయ్యే 21 రోజుల పాటు పార్లమెంటు ముందు ఉంచాలి. మన దేశంలో అలాంటి నిబంధన లేదు. ఒప్పందంపై సంతకం చేయడం, దాన్ని ధ్రువీకరించడం కార్యనిర్వాహక వర్గం పని. దానికి పార్లమెంటు ఓటు అవసరం లేదు. జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య నాయకత్వంలోని రాజ్యాంగ సమీక్షా కమిషన్ 2002లో ఇచ్చిన నివేదికలో ఈ అధికారాన్ని క్రమబద్ధం చేసే చట్టం కావాలని సూచించింది గాని, అలాంటి చట్టం ఇప్పటివరకు రాలేదు. ఈ లోటు తీరాలని కోరుకోవడం న్యాయమే. అయితే అది తీరేవరకు చేతులు కట్టుకుని కూర్చోకుండా, ఉన్న అవకాశాలను వాడుకోవడం తెలియాలి.

ఆ అవకాశాలు నాలుగు సందర్భాలలో వస్తాయి. చర్చలు జరుగుతున్నప్పుడు పార్లమెంటు వాణిజ్య వ్యవహారాల స్థాయీ సంఘం (స్టాండింగ్ కమిటీ) ఆ విషయాన్ని తానే అధ్యయనానికి తీసుకోవచ్చు. ఒప్పందాన్ని అమలు చేయడానికి చట్టం మార్చవలసి వస్తే ఆ బిల్లు కమిటీకి వెళ్లవచ్చు. సుంకాన్ని నోటిఫికేషన్ ద్వారా మార్చితే ఆ నోటిఫికేషన్ సభల ముందుకు వస్తుంది. బడ్జెట్ సమయంలో వాణిజ్య శాఖ పద్దులను, అంటే ఖర్చుల ప్రతిపాదనలను, పరిశీలించేటప్పుడు ఆ శాఖ ఏడాది పనితీరు మొత్తం కమిటీ ముందు ఉంటుంది. మీ సమస్య వీటిలో ఎక్కడ ఇముడుతుందో తేల్చుకున్న తరువాతే కలం పట్టాలి.

రెండో మెట్టు: అసలు పాఠాన్ని చదవాలి

పత్రికలలో వచ్చే వార్తను ఆధారం చేసుకుని విజ్ఞాపన పత్రం రాయడం పొరపాటు. అమలులో ఉన్న వాణిజ్య ఒప్పందాల పూర్తి పాఠాలు కేంద్ర వాణిజ్య శాఖ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. వందల పుటలు చూసి బెదరిపోనవసరం లేదు. మనకు కావలసినవి సుంకాల పట్టిక, ఉత్పత్తి మూలాల నిబంధనలు, దిగుమతులు ఒక్కసారిగా పెరిగితే తీసుకునే రక్షణ చర్యల అధ్యాయం మాత్రమే.

సుంకాల పట్టికలో సరుకుల పేర్ల కన్నా అంకెలు ముఖ్యం. ప్రపంచమంతటా ఒకే విధంగా వాడే వర్గీకరణలో దూది 5201 కింద, ఎండు మిర్చి 0904 కింద, పసుపు 0910 కింద వస్తాయి. ఆ అంకె ఉన్న వరుసలో ప్రస్తుత సుంకం ఎంత, దాన్ని ఒకేసారి తీసేస్తారా, ఏళ్ల తరబడి విడతలుగా తగ్గిస్తారా, కొంత పరిమాణం వరకే తగ్గింపు ఇస్తారా, లేక ఆ సరుకును మినహాయింపు జాబితాలో ఉంచారా అన్నది చూడాలి. ఉత్పత్తి మూలాల నిబంధనలు కూడా అంతే ముఖ్యమైనవి, ఎందుకంటే మూడో దేశంలో పండిన సరుకు ఒప్పంద దేశం గుండా తక్కువ సుంకంతో మన దేశానికి రాకుండా ఆపేవి అవే.

పత్తినే ఉదాహరణగా తీసుకుందాం. 2022 ఏప్రిల్ 2న సంతకాలు జరిగి, అదే ఏడాది డిసెంబరు 29న అమలులోకి వచ్చిన భారత్-ఆస్ట్రేలియా ఒప్పందంలో ఏటా 51,000 టన్నుల పత్తికి సుంకం లేని కోటా ఇచ్చారు. మన లెక్కలో బేలు 170 కిలోలు కాబట్టి అది 3 లక్షల బేళ్లు. దేశంలో ఇటీవలి సంవత్సరాల ఉత్పత్తి 300 లక్షల బేళ్లకు కొంచెం అటూ ఇటూగా ఉంది గనుక ఆ కోటా సుమారు ఒక శాతం. దీనికి భిన్నంగా 2025 ఆగస్టు నాటి సుంకం మినహాయింపు ఏ దేశం నుంచి వచ్చే పత్తికైనా వర్తించింది, దానికి పరిమాణంలో హద్దు కూడా లేదు. అంటే ఒప్పందం కన్నా ఒక్క నోటిఫికేషన్ మార్కెట్‌లోకి ఎక్కువ సరుకును అనుమతించగలిగింది. ఇలాంటి పోలికను కమిటీ ముందు అంకెలతో పెట్టగలిగిన సంఘం మాటకు విలువ పెరుగుతుంది. కేవలం ‘ఒప్పందాలు రద్దు చేయాలి’ అని రాసిన పత్రానికి ఆ విలువ రాదు.

మూడో మెట్టు: సరైన కమిటీని ఎంచుకోవాలి

శాఖలవారీ స్థాయీ సంఘాలు 1993లో 17తో పూర్తి స్థాయిలో మొదలై, 2004లో 24కు పెరిగాయి. ఒక్కొక్క దానిలో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది, మొత్తం 31 మంది సభ్యులు ఉంటారు. మంత్రులు సభ్యులు కాలేరు. పదవీకాలం ఏడాది. వీటిలో 16 లోక్‌సభ సచివాలయం కింద, 8 రాజ్యసభ సచివాలయం కింద పనిచేస్తాయి. వాణిజ్య సంఘం రాజ్యసభ వైపుది. వ్యవసాయ, విదేశీ వ్యవహారాల, ఆర్థిక సంఘాలు లోక్‌సభ వైపువి. వాణిజ్య సంఘానికి రాయవలసిన పత్రాన్ని లోక్‌సభ సచివాలయానికి పంపితే అది తిరిగి చేరేలోపే గడువు ముగిసిపోవచ్చు.

ఒప్పందం, ఎగుమతి విధానం, సుగంధ ద్రవ్యాల బోర్డు, నిజామాబాద్ కేంద్రంగా 2025 జనవరిలో ప్రారంభమైన జాతీయ పసుపు బోర్డు వంటివి వాణిజ్య సంఘం పరిధిలోకి వస్తాయి. విత్తనాలు, మద్దతు ధర వ్యవసాయ సంఘం పరిధిలోకి వస్తాయి. కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు వంటి జౌళి విషయాలను కార్మిక, జౌళి, నైపుణ్యాభివృద్ధి సంఘం చూస్తుంది. సుంకాల విధానం రెవెన్యూ శాఖది కాబట్టి ఆర్థిక సంఘానికి చెందుతుంది. పత్తి సుంకం విషయంలో రైతు నష్టం వ్యవసాయ సంఘానిది, మిల్లుల అవసరం జౌళి సంఘానిది, సుంకం విధానం ఆర్థిక సంఘానిది అవుతుంది. ఒకే పత్రాన్ని అన్నిటికీ పంపకుండా, ఒక్కొక్క సంఘానికి దాని పరిధిలోని అంశాన్ని మాత్రమే వేరుగా రాయడం మంచిది.

తరువాత సభ్యుల జాబితా చూడాలి. తెలంగాణకు 17 లోక్‌సభ స్థానాలు, 7 రాజ్యసభ స్థానాలు ఉన్నాయి. మన నియోజకవర్గం ఎంపీ ఆ సంఘంలో లేకపోయినా, పొరుగు నియోజకవర్గం వారో, పత్తి పండే విదర్భ, మిర్చి పండే గుంటూరు ప్రాంతాల వారో ఉండవచ్చు. పార్టీ ఏదైనా ఒకే పంట సమస్యలు తెలిసిన సభ్యుడు అడిగే ప్రశ్న సూటిగా ఉంటుంది. సంఘాలను ఏటా సాధారణంగా సెప్టెంబరు ప్రాంతంలో తిరిగి ఏర్పరుస్తారు కాబట్టి పాత జాబితాను నమ్ముకోకూడదు.

నాలుగో మెట్టు: సమయం చూసుకోవాలి

కేంద్ర ప్రభుత్వం 2014లో తెచ్చిన విధానం ప్రకారం ముసాయిదా బిల్లును సంబంధిత శాఖ కనీసం 30 రోజులు ప్రజాభిప్రాయానికి ఉంచాలి. ఇది పార్లమెంటుకు ముందు దశ. బిల్లు సభలో ప్రవేశపెట్టాక, లోక్‌సభ స్పీకరు లేదా రాజ్యసభ ఛైర్మన్ దాన్ని స్థాయీ సంఘానికి పంపవచ్చు, లేదా సభ తీర్మానంతో సెలెక్ట్ కమిటీకో సంయుక్త కమిటీకో పంపవచ్చు. ప్రతి బిల్లునూ పంపాలన్న నిర్బంధం లేదు. పంపితే ఆ కమిటీ పత్రికలలోనూ, పార్లమెంటు వెబ్‌సైట్‌లోనూ ప్రకటన ఇచ్చి విజ్ఞాపనలు కోరుతుంది. గడువు చాలా సందర్భాలలో రెండు వారాలకు మించదు. అందువల్ల ధరల లెక్కలు, దిగుమతుల లెక్కలు ముందే సిద్ధంగా పెట్టుకున్న సంఘమే ఆ గడువును అందుకోగలుగుతుంది.

ఫైనాన్స్ బిల్లును సాధారణంగా స్థాయీ సంఘాలకు పంపరు. కాబట్టి బడ్జెట్‌లో వచ్చే సుంకం మార్పుపై బిల్లు దశలో కమిటీ విచారణ ఉంటుందని ఎదురుచూడవద్దు. కాని ఫిబ్రవరి 1న బడ్జెట్ ప్రవేశపెట్టిన తరువాత సభలు కొన్ని వారాలు విరామం తీసుకుంటాయి. ఆ విరామంలో స్థాయీ సంఘాలు శాఖల పద్దులను పరిశీలిస్తాయి. పసుపు బోర్డుకు కేటాయింపులు సరిపోతాయా, సుగంధ ద్రవ్యాల ప్రయోగశాలలు ఎక్కడ కావాలి వంటి ప్రశ్నలు పంపడానికి జనవరి నెలే తగిన సమయం.

అయిదో మెట్టు: విజ్ఞాపన పత్రం రాయాలి

ఈ మెట్టు దగ్గర తొందరపడవద్దని కోరుతున్నాను, ఎందుకంటే కమిటీ గదిలోకి మీరు వెళ్లినా వెళ్లకపోయినా మీ పత్రం వెళుతుంది.

మొదటి పేరాలో మీరెవరో, ఎంతమంది రైతుల లేదా వ్యాపారుల తరఫున మాట్లాడుతున్నారో, సంఘం నమోదు వివరాలేమిటో రాయాలి. రెండో పేరాలో మీరు కోరేది ఒకటి రెండు వాక్యాలలో చెప్పాలి. మూడో పుట వరకు చదివితే గాని కోరిక తెలియని పత్రం కమిటీ సిబ్బంది తయారుచేసే సారాంశంలో సరిగా చేరదు. ఆ తరువాత బిల్లులోని క్లాజు సంఖ్య, ప్రస్తుత పదాలు, వాటి వల్ల మనకు వచ్చే ఇబ్బంది, వాటి స్థానంలో ఉండవలసిన పదాలు, దానికి కారణం అన్న వరుసలో రాయాలి. మార్చిన పదాలను మీరే రాసి ఇవ్వడం అన్నిటికన్నా విలువైన పని. ‘రైతుకు న్యాయం చేయాలి’ అన్న వాక్యం క్లాజులో చేరదు; ‘కొత్త పత్తి మార్కెట్‌కు వచ్చే అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు మినహాయింపు వర్తించదు’ అన్న వాక్యం చేరగలదు.

ఆధారాలు మన చేతిలోనే ఉన్నాయి. రైతుల దగ్గరి తక్‌పట్టీలు (అమ్మకపు చీటీలు), మార్కెట్ కమిటీ రోజువారీ ధరల పట్టికలు, ఈ-నామ్ (జాతీయ ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్) వివరాలు, భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనుగోలు కేంద్రాల లెక్కలు కలిపి చూస్తే ఏ వారంలో ధర ఎలా కదిలిందో తెలుస్తుంది. 2025-26 సీజనులో పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు, మధ్యరకానికి 7,710 రూపాయలు. యార్డులో ప్రైవేటు వ్యాపారి ఇచ్చిన ధర దీనికి ఎంత తక్కువగా నిలిచిందో, తేమ పేరుతో ఎంత కోత పడిందో తేదీలతో సహా చూపాలి. లేని వివరాలను సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజులలో సమాధానం రావాలి, కాబట్టి కమిటీ ప్రకటన వచ్చేదాకా ఆగకుండా ముందే అడగాలి. ధర తగ్గడానికి సుంకం మినహాయింపు ఒక్కటే కారణమని రాయవద్దు. అంతర్జాతీయ ధర, వానలకు తడిసిన పత్తి నాణ్యత కూడా కారణాలై ఉండవచ్చు. ఇతర కారణాలను ఒప్పుకుని, వాటిని తీసివేసిన తరువాత కూడా మిగిలే నష్టాన్ని చూపిన పత్రాన్ని కమిటీ నమ్ముతుంది.

ఇలాంటి శ్రద్ధ వల్ల చట్టం రూపమే మారిన సందర్భం మన కళ్లముందు ఉంది. ప్రపంచ వాణిజ్య సంస్థ మేధోసంపత్తి ఒప్పందం మొక్కల రకాలకు పేటెంటు గాని, తగిన ప్రత్యేక రక్షణ గాని ఇవ్వాలని షరతు పెట్టింది. దానికి అనుగుణంగా 1999లో ప్రవేశపెట్టిన బిల్లును సంయుక్త పార్లమెంటరీ కమిటీకి పంపారు. ఆ కమిటీ విచారణ తరువాత రైతుల హక్కులకు బిల్లులో విస్తృతమైన చోటు దక్కింది. ఆ విధంగా వచ్చినదే 2001 నాటి మొక్కల రకాల సంరక్షణ, రైతుల హక్కుల చట్టం. రక్షణ పొందిన రకం విత్తనాన్నైనా రైతు దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు అని దాని 39వ సెక్షన్ చెబుతుంది. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన చపాట మిర్చి వంటి రకాలను తరతరాలుగా విత్తనం కట్టి నిలబెట్టుకున్న రైతులకు ఈ సెక్షన్ విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఆరో మెట్టు: పంపడం, సాక్ష్యం చెప్పడం

కమిటీ ప్రకటన సాధారణంగా పత్రాన్ని ఇంగ్లీషులో గాని, హిందీలో గాని కోరుతుంది. తెలుగులో ఆలోచించి తెలుగులోనే మొదటి ప్రతి రాసుకుని, సంఘంలో అందరి ముందు చదివి, ఒప్పుకున్న తరువాతే అనువాదం చేయించండి. అనువాదంలో అంకెలు, క్లాజు సంఖ్యలు మరొకరు సరిచూడాలి. ప్రకటనలో చెప్పినన్ని ప్రతులను తపాలాలో, ఈమెయిలులో కూడా పంపి, స్వయంగా హాజరై చెప్పాలని ఉంటే ఆ సంగతి పత్రంలోనే రాయాలి. ఎవరిని పిలవాలన్నది కమిటీ ఇష్టం.

ఒక హెచ్చరికను గుర్తుంచుకోవాలి. కమిటీకి సమర్పించిన విజ్ఞాపన కమిటీ రికార్డులలో భాగమవుతుంది. దాన్ని గోప్యంగా పరిగణిస్తారు, దానికి సభా హక్కుల రక్షణ ఉంటుంది. పంపిన మరునాడే దాన్ని వాట్సాప్ గ్రూపులలో పెట్టడం, పత్రికలకు ఇవ్వడం సరికాదు. సంఘం వైఖరిని బహిరంగంగా చెప్పదలచుకుంటే దానికి వేరే ప్రకటన రాసుకోవాలి.

పిలుపు వస్తే ఇద్దరు ముగ్గురికి మించి వెళ్లనవసరం లేదు. ఒకరు నేరుగా సాగు చేస్తున్న రైతు కావాలి, ఒకరు లెక్కలు తెలిసినవారు కావాలి. సమావేశం తలుపులు మూసి జరుగుతుంది, మాటలన్నీ అక్షరం పొల్లుపోకుండా నమోదవుతాయి. తెలియని ప్రశ్నకు ‘రాతపూర్వకంగా పంపుతాం’ అని చెప్పడంలో చిన్నతనమేమీ లేదు; అయితే అలా చెప్పినదాన్ని తప్పకుండా పంపాలి.

ఏడో మెట్టు: నోటిఫికేషన్‌ను వదిలేయకూడదు

కస్టమ్స్ చట్టం 1962లోని 25వ సెక్షన్ కింద సుంకం మినహాయింపు నోటిఫికేషన్లు వస్తాయి. వీటికి ముందు బిల్లు ఉండదు, విచారణ ఉండదు. అయితే అదే చట్టంలోని 159వ సెక్షన్ ప్రకారం వాటిని ఉభయ సభల ముందు 30 రోజుల పాటు ఉంచాలి. రెండు సభలూ అంగీకరిస్తే మార్చవచ్చు, రద్దు చేయవచ్చు. ఇలాంటి నోటిఫికేషన్లను, నిబంధనలను చూడటానికి రెండు సభలలోనూ 15 మంది సభ్యుల సబార్డినేట్ లెజిస్లేషన్ కమిటీలు ఉన్నాయి. మాతృచట్టం ఇచ్చిన అధికారాన్ని మించి నోటిఫికేషన్ వెళ్లిందా, సభ ముందు ఉంచడంలో ఆలస్యం జరిగిందా అన్నవి ఆ కమిటీ అడిగే ప్రశ్నలు. విధానం మంచిదా చెడ్డదా అన్నది ముఖ్యంగా వాటి పని కాదు కాబట్టి, వాటికి రాసే పత్రంలో ధర నష్టం గురించి కాక, అధికార పరిధి గురించి, పద్ధతి గురించి రాయాలి.

బిల్లు లేదు, కమిటీ అధ్యయనమూ లేదు అన్నప్పుడు పిటిషన్ల కమిటీ మిగిలి ఉంటుంది. లోక్‌సభకు పంపే పిటిషన్‌కు నిర్ణీత నమూనా ఉంది. తెలుగులో రాస్తే ఇంగ్లీషు లేదా హిందీ అనువాదం జతచేయాలి. కోరిక స్పష్టంగా, భాష మర్యాదగా ఉండాలి.

ఎనిమిదో మెట్టు: నియామకాల సంగతి

అమెరికాలో వాణిజ్య ప్రతినిధిగా అధ్యక్షుడు సూచించిన వ్యక్తిని సెనేట్ ఆర్థిక కమిటీ బహిరంగంగా విచారించి, ఆ తరువాత సభ సాధారణ మెజారిటీతో ఆమోదిస్తుంది. మన దేశంలో ఏ పదవికీ అలాంటి విచారణ లేదు. దాని స్థానంలో కొన్ని పదవులకు చట్టమే ఎంపిక సంఘాన్ని ఏర్పరచింది. రాష్ట్ర సమాచార కమిషనర్లను ముఖ్యమంత్రి, శాసనసభలో ప్రతిపక్ష నాయకుడు, ముఖ్యమంత్రి సూచించిన మంత్రి కలిసి సిఫార్సు చేస్తారు. ఎన్నికల కమిషనర్లకు 2023 చట్టం ప్రకారం ప్రధాని, లోక్‌సభలో ప్రతిపక్ష నాయకుడు, ఒక కేంద్ర మంత్రి సభ్యులు. ఇలాంటి పదవులకు అభ్యంతరాలుంటే ఎంపికకు ముందే ఆధారాలతో ఆ ఎంపిక సంఘంలోని ప్రతి సభ్యునికీ విడివిడిగా పంపాలి. ప్రతిపక్ష నాయకుడు తన అసమ్మతిని రాతపూర్వకంగా నమోదు చేయగలడు కాబట్టి ఆ ప్రతి ప్రత్యేకంగా ఉపయోగపడుతుంది. సుగంధ ద్రవ్యాల బోర్డు విషయంలో వేరే మార్గం ఉంది: 1986 చట్టం ప్రకారం దానిలో ముగ్గురు ఎంపీలు, ఇద్దరు లోక్‌సభ నుంచి, ఒకరు రాజ్యసభ నుంచి సభ్యులుగా ఉంటారు. మిర్చి నాణ్యత పరీక్షల వంటి విషయాలు వారి ద్వారా నేరుగా బోర్డు సమావేశానికి చేరతాయి.

తొమ్మిదో మెట్టు: నివేదిక వచ్చిన తరువాత

కమిటీ నివేదికను ఉభయ సభల ముందు ఉంచుతారు, ఆ రోజు నుంచి అది అందరికీ అందుబాటులో ఉంటుంది. మొదట సిఫార్సుల అధ్యాయం, తరువాత అసమ్మతి పత్రాలు, చివర సమావేశాల మినిట్స్ చదవండి. మీ వాదనను కమిటీ అంగీకరించకపోయినా, ఒక సభ్యుడు తన అసమ్మతి పత్రంలో దాన్ని నమోదు చేసి ఉండవచ్చు. స్థాయీ సంఘం సిఫార్సులు సలహా స్వభావం గలవే తప్ప ప్రభుత్వాన్ని బంధించవు. అయినా శాఖ మూడు నెలలలో సమాధానం ఇవ్వాలి. ఏ సిఫార్సును అంగీకరించింది, దేనిని తిరస్కరించింది, దేనికి ఇచ్చిన జవాబు కమిటీకి తృప్తి కలిగించలేదు అన్నది, ప్రభుత్వం తీసుకున్న చర్యలపై కమిటీ తరువాత ఇచ్చే నివేదికలో వర్గాలుగా విడదీసి ఉంటుంది. మన అంశం ‘కమిటీ అంగీకరించని జవాబులు’ అన్న అధ్యాయంలో ఉంటే, ఆ పేరా సంఖ్యను ఉదహరిస్తూ మన ఎంపీ చేత సభలో ప్రశ్న అడిగించాలి. తరువాతి జనవరిలో పద్దుల పరిశీలనకు పంపే పత్రం మొదటి పేరాలో కూడా అదే సంఖ్యను పెట్టాలి.